నా పాట విన్న తాటాకులు

ఇప్పుడంటే పాట రానివాళ్ళు కూడా ధైర్యంగా ఫోన్లో పాడి చుట్టాలందరికీ పంపిస్తున్నారు గానీ, మా కాలంలో పాట రాకపోతే ఆ సంగతి గడప దాటకుండా కాపాడుకునేవాళ్ళం. ఆడపిల్లకు పాట రాదని తెలిస్తే పెళ్ళిచూపుల్లో తలనొప్పి. అందుకని మా అమ్మ నన్ను చిన్నప్పుడే తిరుపతిలో మా వీధి చివర ఉండే సంగీతం టీచరమ్మ దగ్గర చేర్పించింది. ఆవిడ నెల తిరక్కముందే మా ఇంటికి తానే వచ్చి, కాఫీ తాగి, నా తల నిమిరి, పిల్ల చురుకైంది, కుట్టుపనిలో పెట్టండి అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ మాటను మా నాయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పి ఏళ్ళ తరబడి నవ్వించాడు. (కుట్టుపని కూడా నాకు అబ్బలేదు, అది వేరే కథ.) అలాంటి నేను ఒకసారి పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టేవేళ దాకా ఒక సంగీత నాటకాన్ని ఊరందరి ముందు పాడానంటే, మా ఆయన తప్ప ఇంట్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

చదువు ముగిశాక తిరుపతిలో ఒక రాతప్రతుల గ్రంథాలయంలో నాకు తాత్కాలికంగా పని దొరికింది. పని చాలా గొప్పదని చుట్టాలకు చెప్పుకున్నాం గానీ, నేను చేసేదల్లా తాటాకుల కట్టలు విప్పి, దుమ్ము దులిపి, పురుగు పట్టకుండా నిమ్మగడ్డి నూనె రాసి, మళ్ళీ కట్టడమే. ఆ నూనె వాసన నా చేతుల్లోంచి, చున్నీలోంచి, చివరికి నా టిఫిను డబ్బాలోంచి కూడా వచ్చేది. ఈ వాసనకు దోమలే రావడం లేదు, పెళ్ళివాళ్ళు ఏం వస్తారని మా అమ్మ దిగులుపడేది. అక్కడ నా పైఅధికారిని మేమంతా నిశ్శబ్దం సారు అనేవాళ్ళం. ఫ్యాను కిర్రుమన్నా తలెత్తి దాని వంక వేలు చూపించే మనిషి. అదే సారు సాయంత్రాలు మాత్రం ఊళ్ళో ఎక్కడ కచేరీ జరిగినా ముందువరసలో కూచుని, మర్నాడు స్థానిక పత్రికకు సమీక్ష రాసేవాడు. ఎవరు పాడినా 'శ్రోతలను రసప్రవాహంలో ఓలలాడించారు' అనే రాసేవాడు. ఒకసారి మైకు పాడై కచేరీ ఆగిపోతే కూడా ఓలలాడించారనే వచ్చింది.

ఒక ఆషాఢమాసంలో నగరి అవతల ఒక పల్లెనుంచి సారుకు ఫోనొచ్చింది. చేసినతను శ్రీసిటీలో ఏదో ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. (అందుకే నేను అతన్ని శ్రీసిటీ అన్న అనే పిలిచాను.) వాళ్ళింట్లో తాతలనాటి తాటాకుల కట్ట ఒకటి ఉందనీ, అది యక్షగానమనీ, అంటే మొదట్నుంచి కడదాకా పాటలతోనే నడిచే ఆట అనీ, దాన్ని వాళ్ళమ్మ తమిళ లెక్కలో వచ్చే ఆడినెల పద్దెనిమిదో నాడు, ఏటికి పూజచేసే పండగలో, ఏట్లో కలిపేస్తానంటోందనీ చెప్పాడు. వాళ్ళ ఇంటి ఆనవాయితీ అది. ఆ ఆట పాడగలిగిన మనిషి ఇంట్లో ఉన్నన్నాళ్ళే కట్ట ఇంట్లో ఉండాలి. పాడేవాళ్ళు లేకపోతే, దీపం పెట్టని దేవుణ్ణి ఇంట్లో ఉంచుకున్నట్టే కాబట్టి, నీళ్ళకు ఇచ్చేయాలి. పాడే ఆఖరు మనిషి శ్రీసిటీ అన్న వాళ్ళ నాయన, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మరి ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదని సారు అడిగితే, ఆ అన్న చెప్పిన జవాబు మా సీమవాళ్ళు మాత్రమే చెప్పగలిగింది.

"ఏట్లో నీళ్ళు యాడుండాయి సార్ ఇన్ని దినాలూ? ఈ తూరే వచ్చినాయి."

సారూ నేనూ ఆ పల్లెకు బస్సులో పోతూ వంతెన దాటుతుంటే చూశాను. నిజంగానే ఏట్లో నీళ్ళు పారుతున్నాయి. బస్సు డ్రైవరు కూడా బండి నెమ్మది చేసి మరీ చూశాడు. వంతెన మీద జనం పెళ్ళికి వచ్చినట్టు నిలబడి ఉన్నారు. మామూలుగా నీళ్ళు చూస్తే నాకూ సంతోషమే గానీ, ఆ రోజు మాత్రం ఈ ఏరు ఇంకొక్క ఏడాది ఎండిపోయి ఉండకూడదా అనిపించింది. సీమలో పుట్టి అలా అనుకున్నందుకు వెంటనే లెంపలేసుకున్నాను.

శ్రీసిటీ అన్న వాళ్ళమ్మను ఊరంతా అవ్వ అనే పిలుస్తుంది, మేమూ అలాగే పిలిచాం. బక్కపలచని మనిషి, మాట మాత్రం బరువు. మాకు మజ్జిగిచ్చి, పసుపుగుడ్డలో చుట్టిన కట్ట తెచ్చి పీట మీద పెట్టింది. దానిమీద ఏడాదికొకసారి సరస్వతిపూజనాడు పెట్టిన కుంకుమ పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. సారు గొంతు సవరించుకుని, ఈ కట్టను మా గ్రంథాలయానికి ఇస్తే చల్లని గదిలో, ఇనుప బీరువాలో, తాళం వేసి వెయ్యేళ్ళు కాపాడతామని చక్కగా వివరించాడు. అవ్వ అంతా విన్నది.

"బీరువాలో పెట్టి బీగం ఏస్తే యెవురింటారప్పా దీన్ని? ఏట్లో ఏస్తే గంగమ్మన్నా వింటాది," అన్నది.

ప్రతి విద్వాంసుడి చేతా ఊరిని ఓలలాడించిన సారు మజ్జిగ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు అవ్వే ఒక దారి చూపించింది. మీ ఇద్దరిలో ఎవరైనా ఒకరు ఇక్కడే, ఈ పంచలో కూచుని, మొదటి ఆకునుంచి ఆఖరు ఆకు దాకా పాడండి. ఇంట్లో పాట మోగినట్టే లెక్క, కట్టను ఏటికియ్యను, కావాలంటే ఫోటోలు తీసుకోండి. అయితే చదివితే కుదరదు, పాడాలి. సారు వెంటనే తాను విమర్శకుణ్ణనీ, విమర్శకులు పాడే సంప్రదాయం లేదనీ, పైగా గొంతులో గరగర ఉందనీ చెప్పి, నా వైపు తిరిగి, "మా అమ్మాయి పాడుతుందమ్మా," అన్నాడు. అంతకుముందు ఎన్నడూ ఆయన నన్ను మా అమ్మాయి అన్నది లేదు. కాదందామని నోరు తెరిచాను. పీట మీద ఆ పసుపుగుడ్డ కనిపించింది. గుడ్డ అంచులోంచి ఒక ఆకు కొస తొంగి చూస్తోంది, దానిమీద ఆనీ ఆననట్టు గీతలుగా అక్షరాలు. వంతెన కింద నీళ్ళు గుర్తొచ్చాయి. సరే అనేశాను.

మర్నాడు పొద్దున్నే పంచలో చాప పరిచారు. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం గీతే తప్ప రంగు ఉండదు, పాతబడితే కంటికి ఆనదు. దీపం మసిని నూనెలో కలిపి ఆకుమీద రాసి తుడిస్తే, మసి ఆ గీతల్లో నిలిచి అక్షరం నల్లగా లేచి వస్తుంది. నేను ఒక చేత్తో మసి రాయడం, ఇంకో చేత్తో తుడవడం, ఆపైన పాడడం. ప్రతి దరువు (ఆటలోని ఒక్కో పాటను అలా అంటారు) నెత్తిన సావేరి, ఆహిరి, నాదనామక్రియ అంటూ రాగం పేరు, తాళం పేరు ముచ్చటగా రాసి ఉన్నాయి. నాకు తెలిసిన వరసలు రెండే. ఒకటి బళ్ళో ఎక్కాలు చెప్పిన వరస, రెండోది మా అమ్మ మంగళహారతి వరస. రాజు కోపంగా వచ్చిన దరువులన్నీ ఎక్కాల వరసలోనూ, రాణి అలిగిన దరువులన్నీ హారతి వరసలోనూ పాడాను. ఎరుకలది వచ్చి సోది చెప్పే చోట రెండూ కలిసిపోయాయి. ఎండ ఎక్కేకొద్దీ చెమట పట్టి, మొహం తుడుచుకుంటూ పాడుతుంటే జనం ఒక్కొక్కరే వచ్చి చేరారు. నా గొంతే వాళ్ళను లాగుతోందేమో అని మొదట మురిసిపోయాను. తర్వాత ఒకావిడ పక్కావిడతో, పాటెట్లుంటే ఏం గానీ పాప వేషం బాగా కట్టినాది అనడం వినపడింది. మసి చేతులతో తుడుచుకున్న నా మొహానికి అప్పటికి మీసాలు, గడ్డం, రెండు కనుబొమ్మలూ అదనంగా వచ్చి ఉన్నాయి.

కానీ నేను అసలు చెప్పాల్సింది ఇది కాదు. రెండో ఆకు తుడిచినప్పుడు, దరువు అయిపోయిన చోట, అంచున సన్నని అక్షరాలు పైకి తేలాయి. పాట కాదు అది. ఆ ఇంటి పెద్ద ఎవరో రాసిన తీర్పు. ఆట ఆడిన ప్రతిసారీ, ఆ దరువు ఎవరు ఎలా పాడారో విన్న పెద్దమనిషి అక్కడే గంటంతో గీసి పెట్టేవాడట. తరాలు మారిన కొద్దీ చేతిరాతలు మారాయి, తీర్పులు మాత్రం ఆగలేదు. 'ఎత్తుట గొప్పగా ఎత్తినాడు, దించుట మరచినాడు' అని ఒకచోట. 'రాణి అలంకారము బాగున్నది, గొంతు మాత్రము సేనాపతిది' అని ఇంకోచోట. 'మద్దెలవాడు తనకొరకే వాయించుకొనెను' అని ఒకటి. 'మధ్యలో వాన వచ్చినది, పాటకంటె బాగుండెను' అని మరొకటి. నేను పాట ఆపి ఇవి పైకి చదివేసరికి పంచంతా నవ్వులు. ఒక ముసలాయన ఆ సేనాపతి గొంతు మా తాతదే అని లేచి నిలబడి మరీ చెప్పాడు, పరువు పోయినవాడిలా కాదు, పద్మశ్రీ వచ్చినవాడిలా. సారు నా భుజం మీదుగా వంగి చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళు సమీక్షలు రాశాను, ఇట్లాంటి వాక్యం ఒక్కటీ రాయలేదమ్మా అన్నాడు, నెమ్మదిగా, నిశ్శబ్దం సారు కూడా వినలేనంత నెమ్మదిగా.

నాలుగైదు ఆకుల తర్వాత ఒకటి వచ్చింది. 'ఈ చరణమున మా నాయన తాళము తప్పినాడు. తప్పు వ్రాయవలసినవాడను నేనే గనుక వ్రాసితిని. ఆ దినము అన్నము సహించలేదు.' అది చదివాక ఎవరూ నవ్వలేదు. పాడిన నాయన లేడు, రాసిన కొడుకు లేడు, ఆ పాట ఎలా ఉండేదో చెప్పేవాళ్ళు లేరు. ఒక చెవి మాత్రం మిగిలింది, నిజాయితీగల చెవి, నా మసి వేళ్ళ కింద. నిమ్మగడ్డి నూనె పూసి లెక్కలేనన్ని కట్టలు కట్టిన నేను, ఆకుల్లో మనుషులు ఉంటారని ఆ రోజే తెలుసుకున్నాను. ఆ తర్వాత ఒక్కో ఆకునూ పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచేదాన్ని. ఇలాంటి చెవుల ముందు నేను పాడుతున్నది ఎక్కాల వరస అని గుర్తొచ్చి సిగ్గేసేది కూడా.

అవ్వ మాత్రం పంచలోకి రాలేదు. గడప అవతల, తలుపు పక్కన, గోడకు తల ఆనించి కూచుంది. మధ్యాహ్నం మంచినీళ్ళకు లోపలికి వెళ్ళినప్పుడు చూశాను, సరిగ్గా ఆమె తల ఆనించే చోట గోడమీద గుండ్రంగా నూనె మరక. ఆ ఇంటి ఆడవాళ్ళు ఆటల్లో పాడరు. కొత్తకోడలుగా వచ్చిన నాటినుంచి ఆమె ఆటలన్నీ, సాధకాలన్నీ అక్కడ కూచునే విన్నది. సున్నం కొట్టినప్పుడల్లా ఆ మరక పోతుంది, మళ్ళీ వస్తుంది అని శ్రీసిటీ అన్న చెప్పాడు.

పొద్దు వాలేవేళకు కట్ట చివరికి వచ్చాం. రాజు వదిలేసి వెళ్ళాక రాణి ఒంటరిగా పాడే దరువు. నెత్తిన ముఖారి అని ఉంది. మసి రాసి తుడిచాను. పాట కింద తీర్పుండే చోట ఒకే ఒక్క వరస: 'ఇక్కడ ఏమియు వ్రాయను. విన్నవారికి తెలియును.' ఆ తర్వాత ఆకంతా ఖాళీ. ఇన్ని తరాలుగా తండ్రినైనా వదలని ఆ ఇల్లు, ఒక్కచోట గంటం దించేసింది. ఇది ఎవరు పాడిందని సారు అడిగితే, లోపలనుంచి అవ్వ చెప్పింది, పాడింది మా ఇంటాయన, రాసింది మా మామ అని.

నేను ఆగిపోయాను. ఈ దరువును హారతి వరసలో పాడడానికి మనసొప్పలేదు. కానీ ఒక్క దరువు వదిలినా పాట పూర్తి కానట్టే, కట్ట ఏటికే. సారు కళ్ళతోనే కానీమన్నాడు. నేను దేవుడికి దండం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మొదటి చరణం ఎత్తాను. ఎంత జాగ్రత్తగా పాడదామనుకున్నానో అంత ఘోరంగా వచ్చింది. హారతి వరస కూడా కుదరక మధ్యలో ఎక్కాలలోకి జారింది. రాణి ఏడుస్తున్నట్టు కాదు, పదమూడో ఎక్కం మరిచిపోయినట్టుంది.

"ఆపు పాపా," అన్నది అవ్వ. "అది అట్లా కాదు."

గడప దాటి వచ్చింది. చాప మీద నా పక్కన కూచుంది. ఆకు వంక చూడనుకూడా లేదు. ఒక్క క్షణం గాలి పీల్చుకుని ఎత్తుకుంది. గొంతు ముసలిది, అక్కడక్కడా పగిలింది. కానీ ఆ పాట ఎక్కడ మొదలై ఎక్కడికి పోవాలో ఆమెకు ముందే తెలుసు, నడిచి అలవాటైన దారిలో నడిచినట్టు పాడింది. రాణి దుఃఖం ఎక్కడ వంగాలో అక్కడ వంగింది, ఎక్కడ మాట తడబడాలో అక్కడ తడబడింది. ఆమె పెనిమిటి ఎలా పాడాడో నేను వినలేదు గానీ, మామగారు ఎందుకు గంటం దించాడో మాత్రం ఆ సాయంత్రం నాకు తెలిసింది. శ్రీసిటీ అన్న స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు. వాళ్ళమ్మ పాడగలదని అతనికి తెలియదు. పాడడం అయ్యాక అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, మేమంతా ఎందుకు అలా చూస్తున్నామో అర్థం కానట్టు, తక్కిన నాలుగు దరువులూ నన్నే పాడమంది. పాడాను. మంగళం దాకా పాడాను. అప్పటికి వీధిలో దీపాలు వెలిగాయి.

ఇక ఆనవాయితీ ప్రకారం తీర్పు రాయాలి. గూట్లోంచి గంటం తెప్పించింది అవ్వ. ఆట మొత్తానికి తీర్పు రాయడానికి కట్ట చివర వదిలిన ఖాళీ ఆకులు రెండున్నాయి. సారుకు చెమటలు పట్టాయి. పాత ప్రతిమీద కొత్త రాత రాయడం మా శాస్త్రంలో మహాపాపమని చెప్పబోయాడు. పాత రాతలన్నీ ఒకప్పుడు కొత్తవే గదప్పా అన్నది అవ్వ, ఆయన మళ్ళీ మజ్జిగ గ్లాసు వెతుక్కున్నాడు. అవ్వ చెప్పింది రాయడానికి గంటం నా చేతికే ఇచ్చారు. నా పాట గురించిన తీర్పును నేనే చెక్కుకోవాలి. ఏం వస్తుందో నాకు తెలుసు. సేనాపతిని వదలని ఇల్లు నన్ను వదులుతుందా? ఎలాగైనా భరిద్దామని గట్టిగా ఊపిరి పీల్చి, చెప్పమన్నాను.

"తిరపతి పాప పాడినాది. అందుకే నేను పాడినాను. కట్ట ఈ ఇంట్లోనే ఉండాది. రాయి," అన్నది.

ఇంకేమీ లేదా అవ్వా, బాగా పాడలేదని రాయొద్దా అని అడిగాను.

"అది రాసేదెందుకు? ఊరంతా ఇన్నారు గదా," అన్నది.

వంకరటింకరగా చెక్కాను. రెండు అక్షరాల దగ్గర ఆకు చిరిగింది. మసి రాసి తుడిచాను. నా మొహం మీద మిగిలిన మసి కూడా అవ్వే తడిగుడ్డతో తుడిచింది. ఆడినెల పద్దెనిమిదో నాడు ఏటికి పూలూ పసుపూ మాత్రమే వెళ్ళాయని, అవ్వ ఇంట్లో పొద్దుగూకితే ఒక దరువు పాడుతోందని, గోడమీద మరక ఇక రావడం లేదని ఆ తర్వాత శ్రీసిటీ అన్న ఫోన్ చేసి చెప్పాడు. సారు కట్టకు ఫోటోలు తీయించి గ్రంథాలయంలో పెట్టాడు గానీ, ఆ కొత్త రాత సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు, ఉద్యోగం పోతుందని భయం. ఆ తర్వాత ఆయన సమీక్షల్లో ఓలలాడించడం ఆగిపోయింది. ఊళ్ళో కొందరు విద్వాంసులు ఆయనతో మాట్లాడడం కూడా ఆపేశారు.

నేను ఆ ఉద్యోగం వదిలి, పెళ్ళి చేసుకుని (నూనె వాసన పోయాకే), అన్నీ మరిచిపోయి, మొన్నామధ్య తిరుపతిలోనే ఒక సదస్సుకు ఊరికే వెళ్ళాను. ఒక కుర్ర పరిశోధకుడు తెరమీద ఆ ఆకు బొమ్మ వేశాడు. నా వంకర అక్షరాలు గోడంత పెద్దవై కనిపించాయి. పాతకాలంలో ఈ ప్రాంతంలో తిరుపతి పాప అనే ఒక గొప్ప గాయని ఉండేదనీ, ఆమె పాట విని ఆ ఇంటివాళ్ళే ఉండబట్టలేక గొంతెత్తారంటే ఆ గానం ఎంతటిదై ఉండాలో ఊహించుకోండనీ అతను కళ్ళు చెమర్చి మరీ చెప్పాడు. చివర ప్రశ్నలుంటే అడగమన్నారు. చెయ్యి సగం ఎత్తి, జుట్టు సర్దుకున్నట్టు దించేశాను. అవ్వ లేదిప్పుడు. ఆమె తీర్పు మీద నేను పైమాట చెప్పడం బాగుండదనిపించింది. తెరమీద ఆ చిరిగిన రెండు అక్షరాలనూ చూస్తుంటే, మసి మీసాలతో కళ్ళు మూసుకుని ముఖారిని ఎక్కాల్లో ముంచేసిన ఆ అమ్మాయి కనిపించింది. దాని ధైర్యం నాకిప్పుడు లేదు.

ఇంటికొచ్చి కూర తిరగమోత వేస్తూ, ఎన్నేళ్ళకో, ఆ దరువు ఎత్తుకున్నాను. ముందుగదిలోంచి మా ఆయన వచ్చి వంటింటి కిటికీ మూశాడు. ఎందుకని అడిగాను. నువ్వు పాడితే పక్కింటావిడ కూడా పాడడం మొదలుపెడుతుందేమోనని అన్నాడు.